టెక్సాస్‌లో ఆర్వీ ట్రిప్: ముందు రాత్రి మజిలీలు, ఆ తర్వాతే మిగతావి

ఏప్రిల్‌లో మేమంతా టెక్సాస్ వెళ్తున్నాం. మా చెల్లి వాళ్ళు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు. అక్కడ దిగి, ఒక ఆర్వీ, అంటే లోపలే మంచాలు, స్టవ్, బాత్రూం ఉండే ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకుని, వారం పైనే రోడ్డు మీద తిరగాలని ప్లాన్. ఆఫీసులో చెప్పినప్పటి నుంచి, మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో నలుగురికీ తెలిసినప్పటి నుంచి ఒకటే ప్రశ్నలు. ఆర్వీ అంటే ఏంటి, అంత బండి ఎవరు నడుపుతారు, బాత్రూం సంగతేంటి, ఎంతవుతుంది, పెద్దావిడని పెట్టుకుని ఇంత రిస్క్ ఎందుకు అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఇక్కడ రాసేస్తే నయం అనిపించింది. ఇంకా వెళ్ళలేదు కాబట్టి ఇవి ట్రిప్ విశేషాలు కావు, ప్లానింగ్ గురించే. కానీ ఇంత పెద్ద రాష్ట్రంలో ఇలాంటి బండితో తిరగాలంటే సగం ట్రిప్ ప్లానింగ్‌లోనే తేలిపోతుంది.

చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. పెద్దావిడ ఉంది కాబట్టే ఆర్వీ. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, షుగర్, బీపీ. కారులో వెళ్తే ప్రతి రాత్రీ ఓ హోటల్, ప్రతి పొద్దునా సూట్‌కేసులు దించడం, ఎక్కించడం. దారిలో బాత్రూం కావాలంటే తర్వాతి ఊరు వచ్చేదాకా బిగపట్టుకోవాలి, పశ్చిమ టెక్సాస్‌లో ఆ తర్వాతి ఊరు ఒక్కోసారి గంట దూరంలో ఉంటుంది. పైగా అమ్మ బయట తినదు. బర్గర్లు, శాండ్‌విచ్‌లతో రెండు పూటలు నెట్టుకొస్తుందేమో, మూడో పూటకి పెరుగన్నం అడుగుతుంది. ఆర్వీలో మంచం అక్కడే, బాత్రూం అక్కడే, స్టవ్ అక్కడే. బండి ఆపితే చాలు, అది ఇల్లే. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఇంతకన్నా సుఖమైన ఏర్పాటు నాకైతే కనిపించలేదు. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పుకున్నాం, బండి కదులుతున్నంతసేపూ అందరూ బెల్టు పెట్టుకుని సీట్లోనే కూర్చోవాలి. నడుస్తున్న బండిలో లేచి టీ పెట్టడం, మంచం మీద నడుం వాల్చడం కుదరవు.

ఇక ఆ రాష్ట్రం సైజు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ కలిపితే 2.75 లక్షల చదరపు కిలోమీటర్లు. టెక్సాస్ ఒక్కటే దాదాపు 6.95 లక్షలు, అంటే రెండు తెలుగు రాష్ట్రాలకీ రెండున్నర రెట్లు. తూర్పు నుంచి పడమరకి ఆ రాష్ట్రాన్ని దాటే ఐ-10 హైవే టెక్సాస్ లోపలే సుమారు 880 మైళ్ళు, అంటే 1,400 కిలోమీటర్ల పైమాట. మనం ఇక్కడి నుంచి బయల్దేరితే ఢిల్లీ దగ్గర పడతాం, వాళ్ళు ఇంకా అదే రాష్ట్రంలో ఉంటారు. ఈ లెక్క చెప్పాక గానీ మావారికి విషయం ఎక్కలేదు. అప్పటిదాకా ఆయన మ్యాప్ మీద వేలు పెట్టి "ఇక్కడ్నుంచి ఇక్కడికి, ఇక్కడ్నుంచి ఇక్కడికి" అంటూ రాష్ట్రం చుట్టూ గిర్రున ఒక గీత గీసేశారు.

ఆ గీతలో అందరి కోరికలూ ఉన్నాయి. అమ్మకి హ్యూస్టన్ పక్కన పియర్‌ల్యాండ్‌లో ఉన్న మీనాక్షి అమ్మవారి గుడి చూడాలని. మా వాడికి హ్యూస్టన్‌లోని నాసా జాన్సన్ స్పేస్ సెంటర్. మావారికి ఉత్తరాన అమరిల్లో దగ్గర పాలో డ్యూరో కాన్యన్, అది అమెరికాలో గ్రాండ్ కాన్యన్ తర్వాత అంత పెద్దదని చదివినప్పటి నుంచి వదలట్లేదు. చెల్లికి పాడ్రే ఐలాండ్ సముద్ర తీరం. నాకు పశ్చిమాన ఉన్న బిగ్ బెండ్ నేషనల్ పార్క్. చెల్లి భర్త, అంటే మా మరిదికి ఎక్కడికైనా ఓకే, కానీ రోజంతా ఆయనే డ్రైవ్ చేయకూడదు. మా శనివారం పొద్దుటి కాల్స్‌లో, అంటే వాళ్ళకి శుక్రవారం రాత్రి, చాలాకాలం ఈ లిస్టు పెరగడమే తప్ప తగ్గలేదు.

అప్పుడు మరిది అన్న ఒక్క మాట మొత్తం ప్లాన్‌ని తిప్పేసింది. "వదినా, చూడాల్సినవి పక్కన పెట్టండి. ప్రతి రాత్రీ బండి ఎక్కడ ఆపుతామో అది రాయండి ముందు" అన్నాడు. వాళ్ళు ఇంతకుముందు ఫ్రెండ్స్‌తో కలిసి ఆర్వీలో వెళ్ళొచ్చారు, ఆ అనుభవంతో అన్నమాట. ఆ మాట పట్టుకుని కూర్చున్నాక నాకు అర్థమైంది ఏంటంటే, కారు ట్రిప్‌లో రాత్రికి ఏదో ఒక హోటల్ దొరుకుతుందన్న ధైర్యంతో పగలంతా తిరుగుతాం, ఆర్వీలో అలా కుదరదు. ఇరవై అయిదు అడుగుల బండిని నిలబెట్టడానికి చోటు కావాలి, ఏసీ నడవాలంటే కరెంటు పాయింట్ ఉన్న చోటు కావాలి, రెండు మూడు రోజులకోసారి మురుగు నీళ్ళు వదిలే చోటు కావాలి, చీకటి పడకముందే అక్కడికి చేరాలి. కొత్త చోట చీకట్లో అంత బండిని రివర్స్ చేసి సైట్‌లో, అంటే మనకిచ్చిన జాగాలో, పెట్టడం ఎంత అనుభవం ఉన్నా కష్టమే. అందుకని రోజుకి నాలుగు గంటలకి మించి డ్రైవింగ్ వద్దు, సాయంత్రం అయిదింటికల్లా సైట్‌లో ఉండాలి అని రెండు రూల్స్ పెట్టుకున్నాం. వెనక్కి వచ్చేటప్పుడు ఒక్కరోజు మాత్రం కాస్త ఎక్కువ.

ఆ రెండు రూల్స్ పెట్టగానే లిస్టు దానంతటదే సగమైంది. అమరిల్లో పోయింది. సముద్రం పోయింది. హ్యూస్టన్‌ని ట్రిప్ నుంచి తీసి విడిగా పెట్టాం, ఫ్రిస్కో తిరిగొచ్చాక ఒక వీకెండ్ చెల్లి వాళ్ళ కారులో వెళ్ళొస్తాం, గుడికీ నాసాకీ. సిటీ ట్రాఫిక్‌లో, గుడి పార్కింగ్‌లో ఆర్వీతో పడే అవస్థ ఎవరికీ అక్కర్లేదు. అమ్మ ముందు కాస్త చిన్నబుచ్చుకుంది గానీ, "అమ్మవారి దగ్గరికి హడావుడిగా ఎందుకే, తీరిగ్గానే వెళ్దాంలే" అని తనే అంది.

మిగిలింది నా బిగ్ బెండ్. నా కోరికే నెగ్గిందని మా వాడు గొడవ, కానీ అసలు కారణం వేరే. టెక్సాస్‌లో ఆర్వీ తీసుకెళ్తేనే సుఖంగా చూడగలిగే చోటు అదే. రియో గ్రాండే నది అక్కడ పెద్ద వంపు తిరుగుతుంది, నదికి ఇవతల అమెరికా, అవతల మెక్సికో. 1944లో నేషనల్ పార్క్ అయింది, 8 లక్షల ఎకరాల పైనే ఉంటుంది. శాంటా ఎలీనా కాన్యన్‌లో నదికి రెండు పక్కలా 1,500 అడుగుల రాతి గోడలు. రాత్రి ఆకాశం అంత నల్లగా, అన్ని నక్షత్రాలతో కనిపించే చోట్లు అమెరికాలో తక్కువట, 2012లో దానికి ఇంటర్నేషనల్ డార్క్ స్కై పార్క్ గుర్తింపు వచ్చింది. మన కూకట్‌పల్లి మేడ మీద నుంచి చూస్తే ఏం కనిపిస్తాయో తెలుసుగా. మా వాడికి పాలపుంతని కళ్ళతో చూపించాలని నాకు చాలా ఏళ్ళుగా ఉంది.

అయితే ఆ పార్కులో నీళ్ళు, కరెంటు, మురుగు మూడు కనెక్షన్లూ ఉన్న ఆర్వీ సైట్లు మొత్తం 25. రియో గ్రాండే విలేజ్ అనే చోట. మిగతా క్యాంప్‌గ్రౌండ్లలో చెట్లూ నీడా ఇంకా బాగుంటాయిగానీ కరెంటు ఉండదు, రాత్రిళ్ళు జనరేటర్ వేయనివ్వరు. ఏప్రిల్‌లో నది ఒడ్డున పగలు 32, 33 డిగ్రీలు మామూలు, ఒక్కోసారి ఇంకా పైకి పోతుంది. అమ్మకి ఏసీ లేకుండా కుదరదు. అంటే మా ట్రిప్ మొత్తం ఆ 25 సైట్లలో ఒకటి ఏ తేదీల్లో దొరికితే ఆ తేదీల చుట్టూ అల్లుకోవాలి. చూడ్డానికి అదేమీ అందమైన చోటు కాదు, ఫొటోల్లో చూస్తే పార్కింగ్ లాట్‌లాగే ఉంది. కానీ మాకు ఆ ట్రిప్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన జాగా అదే. మీరు ఎక్కడికి ప్లాన్ చేసుకున్నా ఇలాంటి రాత్రి ఒకటి ఉంటుంది, అన్నిటికన్నా దొరకడం కష్టమైనది. ముందు దాన్ని బుక్ చేసి, దానికి ముందు రాత్రి ఎక్కడ, తర్వాత రాత్రి ఎక్కడ అని రెండు వైపులా పేర్చుకుంటూ రండి. ఫ్లైట్ టికెట్లు కూడా ఆ తర్వాతే.

ఏప్రిలే ఎందుకంటే మా వాడి టెన్త్ పరీక్షలు. అవి అయ్యాక కదలాలి, ఇంటర్ మొదలైతే మళ్ళీ రెండేళ్ళు ఊపిరి ఆడదు. టెక్సాస్‌కి కూడా అది మంచి టైమే. మార్చి మధ్యలో అక్కడి స్కూళ్ళకి స్ప్రింగ్ బ్రేక్, బిగ్ బెండ్‌లో కాలు పెట్టే సందు ఉండదు. మే, జూన్ నెలలు అక్కడ ఏడాదిలోకెల్లా వేడి, 40 దాటుతుంది. మధ్యలో ఈ కొద్ది వారాలు బాగుంటాయి, అదీకాక మార్చి చివర నుంచి ఏప్రిల్ మధ్యదాకా హిల్ కంట్రీలో, అంటే మధ్య టెక్సాస్‌లోని కొండల ప్రాంతంలో, రోడ్ల పక్కన బ్లూబానెట్ పూలు పూస్తాయి. అది 1901 నుంచి వాళ్ళ రాష్ట్ర పుష్పం, మన తంగేడులాగా. పశ్చిమాన ఆ నెలల్లో గాలి మాత్రం విపరీతంగా వీస్తుందట. ఎత్తైన బండికి పక్క గాలి తగిలితే స్టీరింగ్ లాగేస్తుంది, అందుకే ఆ రోజుల ప్లాన్‌లో ఒక రోజు అదనంగా ఖాళీ ఉంచాం.

ఇప్పుడు బండి సంగతి. ఆర్వీల్లో క్లాస్ ఎ అంటే బస్సంత ఉండేవి, క్లాస్ బి అంటే పెద్ద వ్యాన్, క్లాస్ సి అంటే ట్రక్ ముందు భాగం మీద ఇల్లు పెట్టినట్టు డ్రైవర్ నెత్తి మీద ఒక మంచం ఉండేవి. మేము చెల్లి కూతురు కాక ఆరుగురం కాబట్టి క్లాస్ సి. ప్రకటనలో "ఆరుగురు పడుకోవచ్చు" అని ఉంటే వెంటనే ఓకే అనకండి. ఆ ఆరులో ఇద్దరికి డైనింగ్ టేబుల్‌ని రోజూ రాత్రి మడిచి మంచం చేయాలి, పొద్దున మళ్ళీ టేబుల్ చేయాలి. అదీ కాక పడుకునే చోట్ల సంఖ్య వేరు, సీటు బెల్టుల సంఖ్య వేరు. మా చెల్లి కూతురికి నాలుగేళ్ళు, కార్ సీటు తప్పనిసరి, అది ముందుకి చూసే సీటుకే సరిగ్గా కట్టాలి, పక్కకి చూసే సోఫాకి కట్టకూడదు. అద్దెకిచ్చేవాళ్ళని ఈ రెండూ విడిగా అడిగి, బండి లోపలి ఫొటోలు తెప్పించుకుని చూశాకే మాట ఇచ్చాం. అమ్మకి వెనక ఉన్న పెద్ద మంచం, బాత్రూంకి రెండడుగుల దూరం. నెత్తి మీది మంచం మా వాడు ఇప్పుడే రిజర్వ్ చేసేసుకున్నాడు.

ఎవరు నడుపుతారు అంటే, మరిది. టెక్సాస్‌లో 26,000 పౌండ్ల లోపు ఆర్వీకి మామూలు కారు లైసెన్సే సరిపోతుంది, మేం తీసుకునేది దానికి చాలా తక్కువ. మావారు కూడా ఇక్కడి ఆర్టీఏలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుంటున్నారు, ఏడాది చెల్లుతుంది, మన లైసెన్సుతో కలిపి దగ్గర పెట్టుకోవాలి. కానీ పర్మిట్ ఉన్నంత మాత్రాన ప్రతి అద్దె కంపెనీ ఒప్పుకోదు, ఎవరి రూల్స్ వాళ్ళవి. బుకింగ్‌లో రెండో డ్రైవర్‌గా పేరు రాయించుకుని, ఇన్సూరెన్స్‌లో కూడా ఆ పేరు ఉందో లేదో చూసుకోవాలి. నిజం చెప్పాలంటే, ఎడమ పక్క స్టీరింగ్, కుడి పక్క రోడ్డు, అంత వెడల్పు బండి, ఇవన్నీ ఒకేసారి మావారికి వద్దని నా అభిప్రాయం. ఆయన కారు నడుపుతారు.

అవును, కారు కూడా వస్తోంది. ఇది మా ప్లాన్‌లో ఎక్కువ చర్చ జరిగిన విషయం. ఆర్వీ ఉండగా మళ్ళీ కారెందుకు అని మొదట నేనే అన్నాను. కానీ ఒక్కసారి సైట్‌లో పెట్టి నీళ్ళ పైపు, కరెంటు వైరు, మురుగు పైపు తగిలించాక, పాల ప్యాకెట్ కోసం అవన్నీ పీకి బండి తీయడం ఎవరివల్లా కాదు. పైగా బిగ్ బెండ్‌లో చిసోస్ కొండల్లోకి వెళ్ళే రోడ్డు మీద 24 అడుగులు దాటిన ఆర్వీలు వద్దని పార్కువాళ్ళే చెబుతారు, అంత మలుపులు. అందుకని చెల్లి వాళ్ళ ఎస్‌యూవీ వెనకాలే వస్తుంది. పెట్రోల్ ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ అమ్మకి ఒంట్లో బాగోలేకపోతే రాత్రి పూట వెంటనే కదలగలిగే బండి ఒకటి ఉందన్న ధీమా నాకు ఆ డబ్బుకన్నా ఎక్కువ.

ఇక బాత్రూం. అందరూ అడిగేదీ, ఎవరూ వివరంగా చెప్పనిదీ ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. బండి కింద మూడు ట్యాంకులు ఉంటాయి. మంచినీళ్ళది ఒకటి, సింకు, షవర్ నీళ్ళు వెళ్ళేది ఒకటి, దాన్ని గ్రే ట్యాంక్ అంటారు, టాయిలెట్‌ది ఒకటి, బ్లాక్ ట్యాంక్. పోయిన నెల మరిది వాళ్ళ ఫ్రెండ్ ఒకాయన ఆర్వీ తీసుకుని తిరిగొచ్చి ఖాళీ చేస్తుంటే, మాకోసం వీడియో కాల్ చేసి చూపించాడు. చేతులకి గ్లోవ్స్ వేసుకుని, బండి పక్కన చిన్న తలుపు తీసి, మూడంగుళాల లావు మడతల పైపు ఒక చివర బండికి తిప్పి బిగించాడు, రెండో చివర నేలలో ఉన్న గొట్టంలో దించి, అది ఎగిరిపడకుండా బరువు పెట్టాడు. ముందు బ్లాక్ ట్యాంక్ లీవర్ లాగాడు. పైపు ఒక్కసారి ఉబ్బి, బుడబుడా చప్పుడు చేస్తూ రెండు నిమిషాలు వదిలింది. అది పూర్తయ్యాక గ్రే ట్యాంక్ లీవర్. ఆ సబ్బు నీళ్ళు పైపులో మిగిలినదాన్ని కడిగేస్తాయి, అందుకే ఆ వరస. చివర్లో టాయిలెట్‌లోంచి కొన్ని నీళ్ళు, ఒక మందు ప్యాకెట్ వేసి మూసేశాడు. అంతా కలిపి పావుగంట. అమ్మ నా భుజం మీంచి మొత్తం చూసి, "ఓస్, ఇంతేనా, మన సంపు కడగడమే దీనికన్నా కష్టం" అంది. అప్పటిదాకా నా మనసులో ఉన్న టెన్షన్ సగం పోయింది. మంచినీళ్ళ పైపు, కడిగే పైపు వేరువేరుగా పెట్టుకోవాలి, ఎట్టి పరిస్థితిలోనూ కలవకూడదు. ఇది మా వాడికి అప్పగించిన బాధ్యత, రెండు పైపులకీ రంగు టేపులు చుడతానన్నాడు.

కరెంటు గురించి మన ఆడవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. ఇలాంటి బండ్లకి సాధారణంగా 30 యాంప్స్ కనెక్షన్. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్ పెట్టి, దానికి తోడు ఎలక్ట్రిక్ కుక్కర్ కూడా ఆన్ చేస్తే బ్రేకర్ పడిపోతుంది. అన్నం వండేటప్పుడు ఏసీ కాసేపు ఆపాలి, లేదా గ్యాస్ మీద వండుకోవాలి. ప్రొపేన్ స్టవ్ ఉంటుంది, చిన్న కుక్కర్ సరిగ్గా పడుతుంది. చింతపండు గుజ్జు, పులిహోర పేస్టు, కందిపొడి, కారప్పొడి ఇవన్నీ చెల్లి అక్కడే తెస్తుంది, ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ అంతా మన కొట్లే. పశ్చిమాన ఫోర్ట్ స్టాక్టన్ అనే ఊరు దాటాక కరివేపాకు దొరుకుతుందన్న ఆశ వద్దని ముందే చెప్పింది. బిగ్ బెండ్‌లో కట్టెల మంటలకి అనుమతి లేదు, కాబట్టి వంటంతా లోపలే. తాలింపు వేసేటప్పుడు పైన వెంట్ ఫ్యాన్ వేసి కిటికీ తీయకపోతే పొగ అలారం మోగుతుందని కూడా చెల్లి చెప్పింది, తను అనుభవించిందే.

రూట్ ఇలా వచ్చింది. ఫ్రిస్కో నుంచి దక్షిణానికి, హిల్ కంట్రీలో ఇంక్స్ లేక్ స్టేట్ పార్క్. మొదటి మజిలీ దగ్గర్లో ఉండటం మంచిది, బండి అలవాటు కావాలి, ఏదైనా మర్చిపోతే ఊళ్ళు దగ్గర్లో ఉంటాయి. అక్కడ్నుంచి ఫ్రెడరిక్స్‌బర్గ్, దాని పక్కనే ఎన్చాంటెడ్ రాక్. అది చుట్టూ ఉన్న నేల నుంచి 425 అడుగులు లేచిన ఒకే గ్రానైట్ గుండు, గులాబీ రంగులో. వాళ్ళు దాని వయసు దాదాపు వంద కోట్ల ఏళ్ళని గొప్పగా చెప్పుకుంటారు. మన ఖాజాగూడ, మౌలాలి గుట్టల గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. వాళ్ళు ఆ ఒక్క గుండుని పార్కుగా చేసి, రోజుకి ఇంతమందే అని లెక్కపెట్టి పంపిస్తారు, నిండితే గేటు మూసేస్తారు. మనం మనవాటిని పేల్చి కంకర చేసి విల్లాలు కట్టుకుంటున్నాం. ఆ రాయి ఎక్కినప్పుడు నాకు ఇదే గుర్తొస్తుందని ఇప్పట్నుంచే తెలుసు, బాధగా ఉంటుంది. అక్కడ ఆర్వీలో రాత్రి ఉండనివ్వరు, అందుకని మజిలీ ఫ్రెడరిక్స్‌బర్గ్‌లోనే, రాయి దగ్గరికి కారులో, డే పాస్ ముందే తీసుకుని.

తర్వాత ఐ-10 మీద పడమరగా ఫోర్ట్ స్టాక్టన్‌కి, సుమారు 250 మైళ్ళు. ఆ రోడ్డు మీద స్పీడ్ లిమిట్ 80 మైళ్ళు, అంటే దాదాపు 130 కిలోమీటర్లు. మరిది మాత్రం 62 దాటనని చెప్పాడు, వెనక లారీలు హారన్ కొట్టినా సరే. ఫోర్ట్ స్టాక్టన్‌లో చూడటానికని కాదు, మజిలీ కోసం. పొద్దున్నే ట్యాంక్ నింపుకుని మారథాన్ అనే ఊరి మీదుగా బిగ్ బెండ్. మారథాన్ దాటాక పార్కు లోపల పాంథర్ జంక్షన్ దాకా 70 మైళ్ళు ఏమీ ఉండదు, పెట్రోల్ బంకూ, సిగ్నలూ. మ్యాప్ ఫోన్లో డౌన్‌లోడ్ చేసుకోవడమే కాదు, కాగితం మ్యాప్ కూడా కొనమన్నాను.

బిగ్ బెండ్‌లో మూడు రాత్రులు అనుకుంటున్నాం. అక్కడ్నుంచి ఆల్పైన్ మీదుగా ఫోర్ట్ డేవిస్, డేవిస్ మౌంటెన్స్ స్టేట్ పార్క్‌లో మజిలీ. దాని పైన కొండ మీద మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ, 1939 నుంచి ఉంది. వారంలో కొన్ని సాయంత్రాలు స్టార్ పార్టీ పెట్టి జనానికి టెలిస్కోపుల్లో చూపిస్తారు, టికెట్లు ముందే అయిపోతాయి. పున్నమి దగ్గర్లో వెళ్తే వెన్నెలకి నక్షత్రాలు కనిపించవు కాబట్టి మా తేదీలు అమావాస్య చుట్టూ పెట్టాం. ఇక్కడ అమ్మ పంచాంగం బాగా పనికొచ్చింది, గూగుల్ కన్నా ముందు తనే చెప్పేసింది. అమావాస్య నాడు ప్రయాణమేంటి అని ఒక ప్రశ్న వచ్చింది, బయల్దేరేది ఆ రోజు కాదు, చూసేదే ఆ రోజు అని సర్దిచెప్పాం. కొండ రోడ్డు, రాత్రి, జింకలు అడ్డొస్తాయి, అందుకని కారులోనే నెమ్మదిగా, ఆర్వీ కదలదు. తర్వాత బాల్మోరియా స్టేట్ పార్క్, ఊట నీళ్ళతో నిండే పెద్ద ఈత కొలను, 1930ల్లో కట్టింది, ఏడాది పొడవునా నీళ్ళు ఒకే రకంగా 22 నుంచి 24 డిగ్రీలు ఉంటాయి. రిపేర్లకి అప్పుడప్పుడూ మూసేస్తుంటారు, వెళ్ళే ముందు పార్కు సైట్‌లో చూసుకోవాలి. అక్కడ్నుంచి తిరుగు దారి, మధ్యలో ఆబిలీన్‌లో ఒక రాత్రి. మొత్తం 1,400 నుంచి 1,500 మైళ్ళు.

ఒక ముఖ్యమైన సంగతి, విజిటర్ వీసా మీద వెళ్ళే అమ్మానాన్నలకి ఇది ఎవరూ చెప్పరు. బిగ్ బెండ్ నుంచి ఉత్తరానికి వచ్చే రోడ్ల మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులు ఉంటాయి. మీరు మెక్సికో వెళ్ళకపోయినా ఆపి అడుగుతారు. అందరి పాస్‌పోర్టులు, వీసా, ఐ-94 (అమెరికాలోకి ఎంట్రీ రికార్డు) ప్రింటు చేతికందేలా పెట్టుకోండి, ఫ్రిస్కోలో ఇంట్లో భద్రంగా దాచి వెళ్ళకండి. మా చెల్లి వాళ్ళు హెచ్1బి మీద ఉన్నారు, వాళ్ళూ తీసుకెళ్తారు. అలాగే ఆ ప్రాంతానికి ఆసుపత్రి అంటే ఆల్పైన్‌లోనే, పార్కు నుంచి వంద మైళ్ళ దూరం. అమ్మ మందులు రెండు సెట్లు, ఒకటి కారులో ఒకటి ఆర్వీలో. విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ముందునుంచీ ఉన్న షుగర్, బీపీ వల్ల వచ్చే ఇబ్బందిని కవర్ చేస్తుందో లేదో చదివి తీసుకున్నాం, చవకవి చాలా వరకు పరిమితంగానే చేస్తాయి.

డబ్బులు. ఆర్వీ ప్రకటనలో కనిపించే రోజు రేటు చూసి లెక్క వేయకండి. దాని మీద మైలుకి ఇంత అని విడిగా ఉంటుంది, ఇన్సూరెన్స్, పాత్రలూ పక్కబట్టల కిట్, జనరేటర్ గంటలు, శుభ్రం చేసే చార్జీ, పన్ను. మాకు మైలుకి 40 సెంట్లు చెప్పారు, 1,450 మైళ్ళకి అదే 580 డాలర్లు. గ్యాలన్‌కి 9 మైళ్ళు ఇస్తుందనుకుంటే 160 గ్యాలన్ల పెట్రోల్, గ్యాలన్ మూడు డాలర్లనుకుంటే ఇంకో 480. అంటే అద్దె కాకుండా, కదిలినందుకే వెయ్యి డాలర్లు పైన. రెండు కుటుంబాలకి రెండేసి హోటల్ గదులు, మూడు పూటలా బయట తిండి వేసి చూస్తే రెండూ దగ్గర దగ్గరగానే వస్తున్నాయి. డబ్బు మిగలాలని ఆర్వీ తీసుకునేవాళ్ళు ఈ లెక్క తప్పక వేసుకోండి. మేం మిగులు కోసం తీసుకోవట్లేదు. స్టేట్ పార్కులు మూడు నాలుగు ఉన్నాయి కాబట్టి ఏడాది పాస్ కొంటున్నాం, ఒకే బండిలో వచ్చినవాళ్ళందరికీ గేటు రుసుము ఉండదు, ఆ పాస్ చెల్లి వాళ్ళకి తర్వాత కూడా పనికొస్తుంది.

టెక్సాస్ స్టేట్ పార్కుల్లో రాత్రి మజిలీలు అయిదు నెలల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు, అంటే ఏప్రిల్ తేదీలు ఇప్పుడు ఈ నవంబర్‌లోనే తెరుచుకుంటున్నాయి. బిగ్ బెండ్ సైట్ దొరికింది, మేం కోరుకున్న తేదీలకి ఒక్క రోజు అటూ ఇటుగా. డేవిస్ మౌంటెన్స్ కూడా అయింది. ఇంక్స్ లేక్ వీకెండ్ కావడంతో కరెంటు ఉన్న సైట్లన్నీ నిండిపోయి ఉన్నాయి, కాన్సిలేషన్ల కోసం చెల్లి రోజూ చూస్తోంది. ఈ శనివారం కాల్‌లోపు దొరక్కపోతే అక్కడే ప్రైవేట్ ఆర్వీ పార్క్ ఒకటి ఉంది, అది తీసేసుకుంటాం. మీలో ఎవరైనా హిల్ కంట్రీ వైపు ఆర్వీతో వెళ్ళి ఉంటే, పెద్దవాళ్ళకి నడక తక్కువగా, బాత్రూములు శుభ్రంగా ఉన్న పార్క్ పేరు ఒకటి కింద రాయండి, శుక్రవారం లోపు అయితే మరీ మంచిది.